ఉప్పునీళ్లు తాగిన కారు

మా మామ కారుకి పైకప్పు ఎత్తు. అమెరికాలో మగవాళ్లు నెత్తిన టోపీ తీయకుండానే లోపల కూర్చోవాలి గనక అలా కట్టారని ఆయన చెప్పేవాడు. మా ఇంట్లో టోపీ పెట్టే మనిషి లేడు. మామ తలపాగా కూడా పొలానికి పోయేటప్పుడే చుట్టి, కారెక్కేటప్పుడు విప్పి భుజాన వేసుకునేవాడు. మరి ఆ ఎత్తంతా ఎవరికి పనికొచ్చిందంటే మా అత్తకి. ఇక్కడే ఒక మాట చెప్పేస్తాను. వాళ్లిద్దరినీ 'వారు, గారు' అని రాయబోతే ఎవరో పరాయివాళ్ల సంగతి రాస్తున్నట్టు నా చెయ్యి ఆగిపోతోంది. గౌరవం లోపల ఉంది, చాలు.

అత్తకి ఎడమ మోకాలు వంగదు. నేను కాపురానికి రాకముందే ఆమె కళ్లంలో జారిపడింది. కట్టు కట్టినవాడు ఎలా కట్టాడో గానీ, విప్పేసరికి కాలు రోకలిలా నిటారుగా ఉండిపోయింది. ఇంట్లో గోడ పట్టుకుని తిరిగేది, వంట కూడా నిలబడే చేసేది. బయటికి పోవడమే కష్టం. బస్సు మెట్లు ఎక్కలేదు. ఎడ్లబండిలో గడ్డి పరిచి పడుకోబెడితే, ప్రతి గుంతకీ ఆ కాలు తుంటి దాకా పోటు పెట్టేది. అలాంటి మనిషిని దృష్టిలో పెట్టుకునే కట్టినట్టుండేది ఆ కారు, కట్టినవాళ్లు నెల్లూరు జిల్లాలో మా కోట అనే ఊరి పేరైనా విని ఉండరు.

నేను కాపురానికి వచ్చిన ఏడాదే కారూ ఆ ఇంటికి వచ్చింది. అది యాభైల చివర. మా ఊరు కోటకి తూర్పున ఉంది. ఊరు దాటితే మా కయ్యలు, కయ్యలు దాటితే ఉప్పుకాలవ, దాని అవతల ఇసుక, సముద్రం. కయ్యలంటే వరి పొలాలే, నెల్లూరు వాళ్లం అలాగే అంటాం. మద్రాసులో ఒక వకీలు పోతే, ఆయన పిల్లలు కారు అమ్మేస్తున్నారని విని మామ రైలెక్కి పోయి, తిరిగి ఆ కారులోనే వచ్చాడు. యుద్ధానికి ముందు చేసిన బండి. దాని ఈడు కార్లు అప్పటికే చాలావరకు తుక్కు దుకాణాల్లో ఉన్నాయి. కొత్త కోడలూ పాత కారూ ఒకే ఏడు దిగాయి, ఏది ముందు మొరాయిస్తుందో చూడాలని ఊళ్లో నవ్వుకున్నారు. నేనే ముందు మొరాయించాను. ఆ కథ వేరు.

చూడ్డానికి మాత్రం దర్జాగా ఉండేది. బానెట్ పొడుగు, ముందుకు పోయేకొద్దీ సన్నం. దాని మూతికి పైనుంచి కిందికి నిలువు వెండి కడ్డీలు. దీపాలు విడిగా కనుగుడ్లు పెట్టినట్టు ఉండకుండా, మడ్‌గార్డుల్లో సగం మునిగి, నీటిబొట్టు ఆకారంలో వెనక్కి సాగి ఉండేవి. గాలి అడ్డం రాకుండా అలా మలిచారని మామ వివరించేవాడు. మా ఊరి రోడ్డు మీద ఆ బండి గేదెల మంద కన్నా వేగంగా పోయే వీలే ఉండేది కాదు, దానికి గాలి వచ్చి అడ్డం పడాలా! రెండు పక్కలా పొడుగాటి ఫుట్‌బోర్డు. బానెట్ చివర రెక్కలు వెనక్కి చాచిన ఒక వెండి ఆడమనిషి బొమ్మ. ఆమె ఎవరో మాకు తెలియదు. రెక్కలున్నాయి గనక దేవతే అయి ఉంటుందని అత్త ఆయుధపూజ నాడు ఆమెకి పసుపు రాసి బొట్టు పెట్టేది. ఏడాది తిరిగేసరికి శుక్రవారాలు కూడా పెట్టడం మొదలెట్టింది.

లోపల సీట్లకి మందపాటి ఉన్నిగుడ్డ. మంచు పడే దేశం బుద్ధి! మా ఎండలకి ఆ గుడ్డ మీద కూర్చుంటే వీపంతా దురద. దానికి తోడు కాళ్ల దగ్గర హీటరు ఒకటి. తా దూర కంత లేదు, మెడకో డోలన్నట్టు, కోటలో హీటరు. అయినా కొన్ని ఏర్పాట్లు చూస్తే నాకే ముచ్చటేసేది. వెనక తలుపులు మామూలు తలుపులకి ఎదురువైపుగా తెరుచుకునేవి. బందులు వెనక, పిడి ముందు. అత్త ఫుట్‌బోర్డు మీద కుడికాలు ఆనించి, వెనక్కి తిరిగి, నిలబడ్డ మనిషి నిలబడ్డట్టే సీటులోకి జారేది. తల ఎక్కడా తగిలేది కాదు. తర్వాత ఆ కర్రకాలిని లోపలికి తిప్పి, కింద ఏటవాలుగా చాపుకునేది. మంచమంత జాగా ఉండేది. ముందు సీటు వీపుకి పట్టుతాడు ఒకటి అడ్డంగా కట్టి ఉంది. దొరసానులు చలికి కప్పుకునే దుప్పటి దాని మీద వేసుకునేవాళ్లట. అత్త ఆ తాడు పట్టుకునే లేచేది. సిగరెట్టు బూడిద దులుపుకునే డబ్బాలో సున్నం పెట్టుకునేది.

ఇంజనుకి ఆరు సిలిండర్లు, ఒకదాని వెనక ఒకటి వరసగా. చప్పుడు ఉండేది కాదు. నిలబడి ఉన్న కారు స్టార్ట్ అయి ఉందో ఆగి ఉందో తెలియక మా ఆయన ఒకసారి రెండోసారి స్టార్ట్ చేయబోయి తిట్లు తిన్నాడు. మామకి ఆ ఇంజను గురించి మాట్లాడ్డమంటే పూనకం. వాన తుడిచే కర్రలు ఇంజను పీల్చే గాలితోనే ఆడతాయని, అందుకే ఎత్తు ఎక్కేటప్పుడు అవి నీరసపడతాయని చెప్పేవాడు. ముందు చక్రాలు రెండూ ఇరుసుకి బిగించి లేవని, గుంత వస్తే వేటికవి లేచి దిగుతాయని, ఈ పద్ధతికి తయారుచేసినవాళ్లు మోకాలి పేరే పెట్టారని ఒకరోజు భోజనాల దగ్గర చెప్పాడు.

అత్త నిలబడి వడ్డిస్తూ, "అవునులే, ఇనప దానికి గూడా మోకాళ్లు వంగుతా ఉండాయి. నాకే వంగవు" అంది. ఆ పూట మామ మళ్లీ ఇంజను ఎత్తలేదు.

ఆ కారులో అత్త పోయేది ఒక్కచోటికే. ఆమె అక్క ఊరికి. నేను ఆమెని పెద్దత్త అనేదాన్ని. కోట దాటి గూడూరు దారిలో పోయి, మళ్లీ లోపలికి తిరగాలి. తల్లి చిన్నప్పుడే పోతే అత్తని సాకి, తలదువ్వి, పెళ్లి చేసి పంపింది ఆ అక్కే. కాలు పోయాక అక్కచెల్లెళ్లు ఒకరినొకరు చూసుకోవడమే అరుదైపోయింది. కారు వచ్చాక నెల తప్పకుండా చూసుకునేవాళ్లు. ప్రతి అమావాస్యకీ పోయేవాళ్లం. అమావాస్యనాడు మా వైపు ఎడ్ల మెడ మీద కాడి పెట్టరు, అరక కట్టరు. ఎడ్లకి సెలవు గనక మామకీ సెలవు.

పెద్దత్త ఊరి మలుపు దగ్గర మామ రెండుసార్లు హారన్ కొట్టేవాడు. ఇంజను చప్పుడు ఎవరికీ వినబడదు గనక అదే కబురు. మేం ఇంటి ముందు ఆగేసరికి పెద్దత్త అరుగు మీదికి వచ్చి నిలబడి ఉండేది. ఆమెకి ఆయాసం ఉంది, ఎక్కువగా మాట్లాడేది కాదు. మాట్లాడితే మాత్రం తగలాల్సినచోట తగిలేది. అక్కచెల్లెళ్లిద్దరూ సాయంత్రం దాకా ఏం చెప్పుకునేవాళ్లో నాకు తెలియదు. తిరుగు ప్రయాణంలో అత్త ముఖం వెన్నెల కాసినట్టుండేది. ఆ రాత్రి ఏ కూరలో ఉప్పు తగ్గినా నన్నేమీ అనేది కాదు.

కారు నడపడం నేనూ నేర్చుకున్నాను. అది అత్త పట్టుదల. "నా కొడుకు, నా మొగుడు ఇద్దరూ ఊళ్లో లేని రోజు నాకేమన్నా అయితే ఎవరు దిక్కు? దానికి నేర్పరా" అని మా ఆయన వెంటపడింది. ఎండాకాలంలో ఉప్పుకాలవ పక్కన చవిటినేల ఎండి గచ్చులా గట్టిపడుతుంది. అక్కడ నేర్చుకున్నాను. ఊళ్లో నాలుగు నోళ్లు నాలుగు మాటలన్నాయి. అత్త వెనక సీట్లో కూర్చుని, ఆకూవక్కా నములుతూ, అన్నవాళ్లందరినీ పేరుపేరునా తిట్టింది. మామ మాత్రం పక్కన నడుస్తూ, నేను గేరు మార్చినప్పుడల్లా తన పన్ను పీకినట్టు ముఖం పెట్టేవాడు.

ఆయనకి ఆ కారంటే అంత ప్రాణం. మెత్తటి బూడిదతో బంపరు తోమేది ఆయనే. మడ్‌గార్డుకి ఆనుకుని ఎవరైనా నిలబడితే ఎంతవాడైనా అరిచేవాడు. దుమ్ముకొట్టుకుపోయిన బండితో కోట బజారులోకి పోవడం నామోషీ అని, కోట ఇంకా కనుచూపుమేరలో ఉండగానే ఆపి తుడిచేవాడు. ఎండలో మేం లోపల ఉడికిపోతూ కూర్చునేవాళ్లం.

అరవైల్లో ఒక ఏడాది వానలు ఎగ్గొట్టాయి. చెరువు తొందరగా అడుగంటింది. మొలగొలుకులు వేశాం, అది నిదానంగా పండే వరి. పైరు పొట్ట మీద ఉంది. ఇంకొన్ని తడులు పడితే గింజ చేతికొస్తుంది, పడకపోతే గడ్డే. మిగిలింది దొరువు ఒక్కటే.

దొరువంటే మా ఇసుక నేలల్లో తవ్వుకునే వెడల్పాటి గుంట. వాన నీళ్లు ఇసుకలో దిగి, అడుగున ఉన్న ఉప్పునీటి మీద తేలుతూ ఉంటాయి. నిదానంగా తోడుకుంటే తియ్యటి నీళ్లు ఊరుతూనే ఉంటాయి. ఆశపడి ఒక్కసారిగా లాగితే కిందనుంచి ఉప్పు ఎగదన్నుతుంది. ఆ నీళ్లు కయ్యకి పెడితే పైరు మాడిపోతుంది. అందుకని నీళ్లు పెట్టే ప్రతి తెల్లవారీ మామ దొరువు గట్టున గొంతుక్కూర్చుని, పుడిసెడు నీళ్లు తీసి, నాలిక మీద వేసుకుని, కాసేపు కళ్లు మూసుకుని, ఉమ్మేసి, అప్పుడు చెప్పేవాడు పెట్టొచ్చో లేదో. మా ఊళ్లో రైతులందరూ అంతే. ఆయన నాలిక మీద మాత్రం అందరికీ గురి. పక్క కయ్యలవాళ్లు కూడా చెంబుతో తమ నీళ్లు తెచ్చి రుచి చూపించుకుని పోయేవాళ్లు.

మామూలుగా ఏతాలతో తోడేవాళ్లం. ఆ ఎండలకి ఏతం చాలదు. కోటలో అద్దెకి పంపు దొరికింది, దాన్ని తిప్పే ఇంజను దొరకలేదు. ఉన్న ఆయిలు ఇంజన్లన్నీ అప్పటికే ఎవరో ఒకరి గట్టు మీద తిరుగుతున్నాయి. ఏం చేద్దామని ఇంటిల్లిపాదీ వసారాలో కూర్చున్నాం. మా ఆయన కారు వైపు చూశాడు. ఆయన చూడ్డం మామ చూశాడు.

చివరికి అత్తే అంది. "పంట ఎండిపోతే ఆ కారెక్కి యాడికి పోతాం? తీసకపొండి."

కారుని దొరువు గట్టుకి తోలుకుపోయారు. వెనక ఒక పక్క జాకీతో లేపి, సరుగుడు దుంగలు పెట్టి, చక్రం టైరు తీసేసి, ఆ రిమ్ముకి బెల్టు వేసి పంపుకి తగిలించారు. డ్యాష్‌బోర్డులో ఒక బొత్తాం ఉండేది. దాన్ని బయటికి లాగితే, యాక్సిలరేటరు మీద కాలు పెట్టకపోయినా ఇంజను ఒకే వేగంతో తిరుగుతూ ఉంటుంది. అది ఎందుకుందో మాకు అన్నేళ్లూ తెలియలేదు. ఇప్పుడు తెలిసింది. పంపు నోట్లోంచి నీళ్లు తొడ లావున దూకాయి. మామ ఆ నీళ్ల కన్నా ఎక్కువగా ఇంజను వైపే చూస్తూ, "విన్నారా? యాడన్నా సద్దు ఉండాదా?" అని అందరినీ అడిగాడు.

పూట తిరక్కుండానే రేడియేటరు మరిగింది. కారు పరుగెత్తుతుంటే గాలి తగిలి చల్లబడాల్సిన సరుకు, నిలబెట్టి తిప్పితే ఏమవుతుంది? బానెట్ తీసేశారు, పైన తాటాకులతో నీడ కట్టారు. అయినా ఆవిరి పోతూనే ఉంది, నీళ్లు పోస్తూనే ఉండాలి.

"నాయనా, దొరువు నీళ్లు కడవతో ముంచి పోద్దాం" అన్నాడు మా ఆయన.

"దొరువు నీళ్లు వరికే చాలక ఏడస్తా ఉండాం. ఇనుముకి రుచేందిరా? ఉప్పుకాలవ నిండా నీళ్లుండాయి. మోయించు" అన్నాడు మామ.

మాకెవరికీ అందులో తప్పు కనబడలేదు. తియ్యటి నీళ్లు ఒక్క చుక్క వృథా చేస్తే పాపం అనుకునే మనుషులం. మనం తాగడానికే అరచెంబు ముంచుకుంటూ, ఇంజనుకి కడవలకి కడవలు పోస్తామా? అలా ఆ తడులన్నీ అయ్యేదాకా, పొద్దున్నే వరి కోసం దొరువు నీళ్లు నాలిక మీద వేసుకుని చూసిన మనిషే, తన చేత్తోనే తన ప్రాణంలాంటి ఇంజనుకి ఉప్పునీళ్లు పోశాడు. కాలవ అవతల ఉప్పుమళ్లు ఎండలో తెల్లగా మెరుస్తూ మా కళ్లముందే ఉన్నాయి. నీళ్లు ఇగిరితే ఉప్పు మిగులుతుందని మా ఊళ్లో చంటిపిల్లలకి కూడా తెలుసు. ఆ రేడియేటరులో పొద్దస్తమానం జరుగుతున్నది అదేనని ఒక్కరికీ తట్టలేదు.

పైరు నిలబడింది. గింజ పాలు పోసుకుంది. ఆఖరి తడి పెట్టిన సాయంత్రం టైరు ఎక్కించి, కారుని ఇంటికి తోలబోయారు. కయ్యలు దాటకముందే అది దగ్గింది. వెనకనుంచి తెల్లటి పొగ వచ్చింది. అన్నేళ్లలో మొదటిసారిగా ఆ ఇంజను చప్పుడు ఊరంతటికీ వినబడింది, ఆ తర్వాత ఆగిపోయింది. రేడియేటరు మూత తీస్తే అంచు చుట్టూ తెల్లటి పెచ్చు. ఎడ్లని కట్టి ఇంటికి ఈడ్చుకొచ్చారు.

గూడూరు నుంచి మెకానిక్కు వచ్చి ఇంజను విప్పాడు. నీళ్లు తిరగాల్సిన దారులన్నీ ఉప్పుతో పూడిపోయి ఉన్నాయి. చల్లదనం అందక ఇనుము కాగి కాగి, ఒక సిలిండరు నుంచి పక్క సిలిండరు దాకా పగులు తీసింది. దీన్ని అతికేది లేదని, ఈ మోడలు ఇంజను మద్రాసులో కూడా ఇంక దొరకదని అతను చెప్పాడు. మామ వంగి, లోపలినుంచి ఒక పెచ్చు గిల్లి, నాలిక మీద వేసుకున్నాడు. కళ్లు మూసుకున్నాడు. ఉమ్మేయడం మర్చిపోయాడు.

ఆ రోజు ఆయన అన్నం దగ్గరికి రాలేదు. అత్తే వసారాలోకి నడిచి పోయి, "వడ్లు ఇంటికొస్తా ఉండాయి గదయ్యా. కారుదేముంది. వచ్చి తిను" అంది. గొంతులో ఏ తేడా లేకుండా అంది. నేను కూడా నమ్మాను.

తర్వాతి అమావాస్య దాకా నమ్మాను. ఆ పొద్దున అత్త తలంటుకుని, పెట్టెలోంచి అక్క ఇంటికి కట్టుకునే చీర తీసి కట్టుకుని, అరుగు మీదికి వచ్చి, కారు ఉన్నచోటు చూసి నిలబడిపోయింది. అలవాటు కొద్దీ చేసింది. ఎవరైనా చూశారేమో అని చుట్టూ చూసి, లోపలికి పోయి, చీర మార్చుకుని, ఏమీ ఎరగనట్టు కంది పప్పు వేయించడం మొదలెట్టింది. నేను చూశాను. ఆ రోజు నాకు మామ మీద ఒళ్లు మండిపోయింది. ఇన్నేళ్లు ఇంజను గురించి మాకు పాఠాలు చెప్పి, చివరికి ఆయన చేసిన పని ఇదా? మజ్జిగ గ్లాసు ఆయన ముందు ఠక్కుమని పెట్టి వచ్చేశాను.

మరుసటి నెల ఎడ్లబండిలో మోకాలి ఎత్తున గడ్డి పోసి, పరుపు వేసి తీసుకుపోవాలని చూశారు. కోట చేరకముందే అత్త పెదవి కొరుక్కుని నెత్తురు తెచ్చుకుంది. వెనక్కి తిప్పేశారు. తర్వాత చాలా రోజులు ఆమె మంచం దిగలేదు. పెద్దత్త రావడానికి ఆమె ఆయాసం రానివ్వదు. మనుషుల చేత కబుర్లు మాత్రం నడిచాయి. మా ఉప్పునీళ్ల కథ గూడూరు దాకా పోయి, ఇంకొంచెం ఉప్పూ కారం తగిలించుకుని మాకే తిరిగొచ్చింది.

మామ కారుని తుక్కుకి వేయలేదు. తాటాకు పాక కింద పెట్టి, రోజూ తుడిచేవాడు. గాలి తగ్గితే టైర్లలో గాలి కొట్టించేవాడు. బ్రేకుల్లో నూనె చూసేవాడు. బ్యాటరీ విప్పించి కోటకి పంపి చార్జి చేయించి మళ్లీ బిగించేవాడు. ఇంజను చచ్చిన కారుకి బ్యాటరీ ఎందుకు, చేతులు కాలాక ఈ ఆకులెందుకు అని నేను మా ఆయన దగ్గర సణిగేదాన్ని. "ఆయన్ని వదిలెయ్యి" అనేవాడు.

ఆ ఎండాకాలంలోనే ఒక మధ్యాహ్నం పెద్దత్త ఊరినుంచి మనిషి వచ్చాడు. "పెద్దమ్మ అన్నం మానేసింది. మంచం మీదనే ఉండాది. చెల్లెల్ని ఒకసారి చూడాలని అంటా ఉంది" అన్నాడు. అత్త అతనికి మజ్జిగ ఇప్పించి, గోడ పట్టుకుని లోపలికి పోయింది. ఆమె ఏడవడం నేను ఎప్పుడూ చూడలేదు. అప్పుడు కూడా చూడలేదు, వినబడింది.

మామ లేచి కొట్టంలోకి పోయి, ఎడ్లబండికి ముందుండే పొడుగాటి నొగని ఊడదీయించాడు. వడ్రంగినీ కమ్మరినీ పిలిపించాడు. కారు పాకలోంచి ఠంగు ఠంగుమని సుత్తిదెబ్బలు వినబడితే పోయి చూశాను. తను బూడిదతో తోమి తోమి అద్దంలా ఉంచిన బంపరుకి దగ్గరుండి బెజ్జాలు వేయిస్తున్నాడు. నొగని వాటిలోంచి బోల్టులతో బిగించారు. దాని చివర కాడి కట్టారు. రెక్కల ఆడమనిషి ఆ కాడి వైపు చూస్తూ నిలబడింది.

అత్త తలుపు దగ్గరికి వచ్చింది. "రేపు అమావాస్య గదా. కాడి పెడతావా?"

"అమావాస్య అరకకి. బండికి. ఇది కారు. కారుకి అమావాస్యేంది?" అన్నాడు మామ, తల ఎత్తకుండానే.

తెల్లవారకముందే బయలుదేరాం. ఎడ్లకి ఆ బరువు కొత్త, వెనక ఆ ఆకారం కొత్త. బెదరకుండా కుడి ఎద్దు తల దగ్గర మామ, ఎడమ ఎద్దు తల దగ్గర మా ఆయన నడవాలి. చక్రం తిప్పడానికి, బ్రేకు తొక్కడానికి లోపల మనిషి కావాలి. ఆ మనిషిని నేను. అత్త వెనక్కి తిరిగి, ఎప్పటిలాగే సీటులోకి జారి, కాలు ఏటవాలుగా చాపుకుని, పట్టుతాడు మీద చెయ్యి వేసింది.

ఎడ్ల నడక వేగంలో ఆ స్టీరింగు తిప్పడం రుబ్బురోలు తిప్పడమే. నా భుజాలు పడిపోయాయి. కల్వర్టు దిగేచోట కారు ముందుకి తోసుకొచ్చి ఎడ్ల మడమల మీదికి పోబోయింది. బ్రేకు మెల్లగా తొక్కాను, పట్టింది. మామ వెనక్కి తిరిగి చూసి తల ఊపాడు. ఆయన నా డ్రైవింగుకి తల ఊపడం అదే మొదలు. గుంతలు వస్తూనే ఉన్నాయి. ముందు చక్రాలు వేటికవి లేచి దిగుతున్నాయి. అద్దంలోంచి అత్తని చూస్తూనే ఉన్నాను. ఆమె పెదవి కొరుక్కోలేదు. వక్క నములుతోంది.

కోట బజారులోకి వచ్చేసరికి దుకాణాలు తెరిచే వేళ అయింది. జనం మూగారు. కారుకి కాడి, స్టీరింగు ముందు ఆడమనిషి. ఒకటా రెండా వింతలు! కాఫీ హోటలు ముందునుంచి ఎవడో, "పెట్రోలు మానేసి గడ్డి పోస్తా ఉండావా పెదనాయనా? మైలుకి ఎన్ని మోపులు పడతాయి?" అని అరిచాడు. అందరూ నవ్వారు. దుమ్ము పట్టిన బండితో ఈ బజారులోకి రావడానికి నామోషీ పడిన మనిషి మా మామ. తలపాగా దుమ్ము, కాళ్లు దుమ్ము, చేతిలో ఎద్దు ముకుతాడు. ఆయన తలైతే దించుకున్నాడు గానీ నడక ఆపలేదు. అంతకుముందు ఆయన మీద నాకున్న కోపమంతా అక్కడే పోయింది. నాకు ఏడుపొచ్చింది.

వెనకనుంచి అత్త అంది. "ఏం చూస్తా ఉండావు? హారన్ కొట్టు. మీ మామ పోతా ఉంటే దోవకి అడ్డం నిలబడతారా వీళ్లు?"

కొట్టాను. ఆ కారు హారను లోతైన గొంతు. ముందున్నవాళ్లు ఉలిక్కిపడి పక్కకి దూకారు. ఎడ్లు కూడా ఉలిక్కిపడి నాలుగు అడుగులు పరుగెత్తాయి. మామా మా ఆయనా వాటితో పాటు పరుగెత్తారు. అత్త నవ్వింది. చాలా నెలల తర్వాత నవ్వింది.

పెద్దత్త ఊరి మలుపు చేరేసరికి ఎండ బాగా ముదిరింది. నేను ఎవరూ చెప్పకుండానే రెండుసార్లు హారన్ కొట్టాను. అరుగు మీద ఎవరూ లేరు. లోపలికి పోతే పెద్దత్త కోడలు ఎదురొచ్చి, "ఇన్ని రోజులుగా ఒకవైపు తిరిగి పడుకోనుండాది. ఇప్పుడే లేపి కూర్చోబెట్టమన్నింది. మీరొచ్చినారని నేను చెప్పనే లేదు" అంది.

పెద్దత్త గోడకి ఆనుకుని కూర్చుని ఉంది. సగం మనిషి అయింది. అత్త మంచం పక్కన నిలబడి ఆమె తల నిమిరింది. చిన్నప్పుడు తన తల దువ్విన చెయ్యిని తీసుకుని చెంపకి ఆనించుకుంది. పెద్దత్తే ఆయాసంతో ఆగి ఆగి అడిగింది.

"బండి బాగైందా?"

"బాగైందక్కా" అంది అత్త.

"చప్పుడు వినబడలా?"

"దాని చప్పుడు ఎప్పుడన్నా వినబడిందా?"

మా ఎడ్లు వాకిట్లో తలలు విదిలించుకున్నాయి. మెడ గంటలు ఇల్లంతా వినబడ్డాయి. పెద్దత్త కళ్లు మూసుకుంది. నవ్వడానికి ఆమె దగ్గర ఊపిరి లేదు గానీ ముఖమంతా నవ్వే. తలుపు దగ్గర, లోపలికి రావడానికి మొహం చెల్లక నిలబడిన మామ వైపు వేలు చూపించింది.

"ముందు ఆ ఇంజన్లకి నీళ్లు పెట్టమను. ఉప్పునీళ్లు గాదు, మంచినీళ్లు."

మామ పెరట్లో బావి దగ్గరికి పోయాడు. బాల్చీ నిండా తోడాడు. పుడిసెడు తీసి నాలిక మీద వేసుకుని, కళ్లు మూసుకుని చూసి, ఆ తర్వాత బాల్చీ మోసుకుపోయి ఎడ్ల ముందు పెట్టాడు.